పిస్టన్‌కీ వాల్వుకీ మధ్య సందు ఎంత?

(డెట్రాయిట్ శివార్లలోని ఒక గ్యారేజీలో, కార్ల మీద సరదా ఉన్న తెలుగువాళ్ల వారాంతపు కూడికలో చేసిన ప్రసంగానికి రాతరూపం. వక్త పక్కన స్టాండు మీద చెవ్రోలెట్ 350 ఇంజను ఉంది.)

అందరికీ నమస్కారం. కుర్చీలు దొరకనివాళ్లు ఆ టైర్ల మీద కూర్చోండి, పర్వాలేదు, అవి అమ్మకానికి పెట్టినవి కావు. వెనకవాళ్లకి వినిపించకపోతే చెయ్యెత్తండి.

ముందు ఈ పిస్టన్ చేతులు మార్చుకుంటూ చూడండి. పైభాగంలో నెలవంక ఆకారంలో ఒక గాటు ఉంది కదా, దాని మీద గోరు పెట్టి లాగండి. తట్టుకుంటోందా? అది వాల్వు అంచు కొట్టిన దెబ్బ. ఆ వాల్వు ఇదిగో. చూడ్డానికి నిటారుగానే ఉంది. బల్ల మీద దొర్లిస్తే మాత్రం తల ఎలా ఊగుతోందో చూడండి. కాడ వంగిపోయింది. ఇవి వచ్చిన ఇంజనుకి ఎక్కడో కొత్త క్యామ్, అంటే వాల్వుల్ని తెరిచి మూసే ఇరుసు, వేయించుకుని, నాలుగు రోజులు నడిపి, కంప్రెషన్ పోయిందని ఓనరు మా దగ్గరికి తెచ్చాడు. విప్పి చూస్తే క్యామ్ మంచిదే, స్ప్రింగులూ మంచివే. హెడ్డు ఫేసింగ్ చేశారు, అంటే అడుగు చదును చేసి కాస్త లేపేశారు. వాల్వుని నొక్కే రాకర్లు 1.5 నిష్పత్తివి తీసి 1.6వి పెట్టారు. క్యామ్ మార్చారు. విడివిడిగా చూస్తే దేనికీ వంక పెట్టలేం. మూడూ ఒకేసారి చేసి, చివరికి పిస్టన్‌కీ వాల్వుకీ మధ్య ఎంత సందు మిగిలిందో ఎవరూ కొలవలేదు. అంతే జరిగింది.

ఈరోజు మాట్లాడేది ఆ కొలత గురించే. ఉదాహరణకి ఈ చెవీ 350నే తీసుకున్నాను. చెవ్రోలెట్ చీఫ్ ఇంజనీరు ఎడ్ కోల్ బృందం 1955లో తెచ్చిన చిన్న వీ8 కుటుంబంలోది ఇది. 350 సైజు 1967లో కమారోతో వచ్చింది. ఇక్కణ్ణుంచి గంట దూరంలో ఉన్న ఫ్లింట్‌లో ఈ ఇంజన్లు తయారయ్యేవి. అమెరికాలో ఇంట్లో కూర్చుని క్యామ్ మార్చుకునేవాళ్లలో చాలామంది చేతులకి మొదట గ్రీజు అంటేది దీంతోనే. బోర్ (సిలిండరు వెడల్పు) 4 అంగుళాలు, స్ట్రోక్ (పిస్టన్ ప్రయాణం) 3.48, కనెక్టింగ్ రాడ్ 5.7. ఈ మూడు అంకెలు గుర్తుంచుకోండి, లెక్క కట్టడానికి పనికొస్తాయి.

క్యామ్ కొనేటప్పుడు అందరి కళ్లూ ముందు లిఫ్ట్ మీద, అంటే వాల్వు ఎంత తెరుచుకుంటుందన్న అంకె మీద, పడతాయి. ‘అరంగుళం లిఫ్ట్ అంట, వాల్వు పిస్టన్‌కి తగలదా?’ అని టెన్షన్ పడతారు. ఆ భయం అక్కర్లేదు. అసలు భయపడాల్సిన చోటు వేరే ఉంది. ఇన్‌టేక్ వాల్వు పూర్తిగా తెరుచుకునేది పిస్టన్ టాప్ డెడ్ సెంటర్ (టీడీసీ, పిస్టన్ చేరే అన్నిటికంటే పై స్థానం) దాటాక క్రాంకు సుమారు 108 డిగ్రీలు తిరిగిన దగ్గర. ఆ సమయానికి ఈ ఇంజన్లో పిస్టన్ 64 మిల్లీమీటర్లు కిందికి దిగిపోయి ఉంటుంది. వాల్వు దిగేది పన్నెండు, పదమూడు మిల్లీమీటర్లు. ఇక తగిలే ప్రసక్తే లేదు.

తగిలేది ఎగ్జాస్ట్ స్ట్రోకు అయిపోయి ఇన్‌టేక్ మొదలయ్యే ఆ కొద్దిపాటి సమయంలో. ఓవర్‌ల్యాప్ అంటామే, అదే. రెండు వాల్వులూ కాస్త కాస్త తెరుచుకుని ఉంటాయి, పిస్టన్ సరిగ్గా పైకి వచ్చి నిలుస్తుంది. ఎగ్జాస్ట్ వాల్వు మూసుకోవడానికి పైకి వెళ్తుంటే పిస్టన్ దాని వెనకాలే తరుముకొస్తుంది. వాళ్లిద్దరూ బాగా దగ్గరయ్యేది టీడీసీకి 10, 15 డిగ్రీల ముందు. ఇన్‌టేక్ వైపు దీనికి తలకిందులు. పిస్టన్ కిందికి పోతుంటే వాల్వు దాన్ని తరుముతుంది. అక్కడ టీడీసీ దాటిన 10, 15 డిగ్రీల దగ్గర సందు బాగా తగ్గుతుంది.

పిస్టన్ అక్కడ ఎంత బద్ధకంగా కదులుతుందో చూడండి. టీడీసీ నుంచి 10 డిగ్రీలు తిప్పితే ఈ ఇంజన్లో పిస్టన్ దిగేది 0.9 మిల్లీమీటరుకి లోపే. 20 డిగ్రీలకి దాదాపు మూడున్నర. అంటే ఆ మొదటి పది డిగ్రీల్లో పిస్టన్ దాదాపు పైనే కూర్చుని ఉంటుంది. ఈలోపు కొత్త క్యామ్ పాతదానికంటే ముందుగా, వేగంగా వాల్వుని తెరిచిందనుకోండి, ఉన్న సందంతా అదే తినేస్తుంది.

అందుకే ఒకే లిఫ్ట్ ఉన్న రెండు క్యాములు పక్కపక్కన పెడితే ఒకటి హాయిగా తిరగొచ్చు, రెండోది వాల్వులు వంచొచ్చు. డ్యూరేషన్ (వాల్వు తెరిచి ఉండే వ్యవధి) ఎంత, ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ లోబుల (క్యామ్ మీది ఉబ్బుల) మధ్య కోణం ఎంత, క్యామ్‌ని టైమింగ్‌లో ముందుకి పెట్టారా వెనక్కి పెట్టారా, ఇవన్నీ కలిసి టీడీసీ దగ్గర లిఫ్ట్‌ని తేలుస్తాయి. లోబ్ సెపరేషన్ 112 నుంచి 106కి దిగితే ఓవర్‌ల్యాప్ పెరుగుతుంది, రెండు వైపులా సందు తగ్గుతుంది. క్యామ్ సెలెక్ట్ చేసేటప్పుడు నేను మొదట అడిగేది ‘టీడీసీ దగ్గర లిఫ్ట్ ఎంత?’ అనే. క్యాటలాగులో చాలాసార్లు ఆ అంకె ఉండదు. అమ్మేవాళ్లని అడిగితే కొందరు చెబుతారు, కొందరు ‘స్టాక్ ఇంజన్లో సరిపోతుందండీ’ అంటారు. అబద్ధం ఏమీ కాదు అది. మీ ఇంజను ఇంకా స్టాకుగానే ఉందా లేదా అన్నది వాళ్లకి తెలియదు కదా.

స్టాకు కాకుండా పోవడానికి పెద్ద మార్పులేమీ అక్కర్లేదు. హెడ్డు ఫేసింగ్ చేయించి అర మిల్లీమీటరు లేపేశారనుకోండి. చెవీ 350లో వాల్వులు 23 డిగ్రీలు వాలి ఉంటాయి కాబట్టి వాల్వు దారిలో సుమారు 0.46 పోతుంది. బ్లాక్ డెక్, అంటే హెడ్డు కూర్చునే పైముఖం, కూడా చదును చేయించి ఉంటే అది వేరే లెక్క. రాకరు 1.5 నుంచి 1.6కి మారిస్తే లోబు మీద 0.300 ఉన్న లిఫ్టు వాల్వు దగ్గర 0.450 నుంచి 0.480 అంగుళాలకి వెళ్తుంది. 1.94 ఇన్‌టేక్ వాల్వు తీసి 2.02 పెడితే వాల్వు అంచు పిస్టన్ పాకెట్ గోడకి దగ్గరవుతుంది. కిందికి సందు ఉన్నా పక్కకి లేకపోతే ఫలితం ఒకటే. పక్కకి 50 థౌ (అంగుళంలో వెయ్యో వంతుని థౌ అంటాం), అంటే 1.3 మిల్లీమీటర్ల దాకా ఉండాలి.

ఇక ఎంత ఉంటే చాలు? స్టీలు రాడ్లున్న ఇంజన్లకి ఇక్కడ మెషిన్ షాపుల్లో చెప్పుకునే లెక్క ఇన్‌టేక్‌కి 80 థౌ, ఎగ్జాస్ట్‌కి 100 థౌ. మనవాళ్లకి మిల్లీమీటర్లలో చెప్పాలంటే 2, 2.5. అల్యూమినియం రాడ్లు ఎక్కువ సాగుతాయి కాబట్టి వాటికి ఇంకా వదలాలి.

‘చేత్తో తిప్పితే ఎక్కడా తగల్లేదు, మరి 2 మిల్లీమీటర్లు ఎందుకు?’ అని అడుగుతారు. ఎందుకంటే మీరు తిప్పేది చేత్తో. ఇంజన్ 6000 ఆర్‌పీఎంలో ఉంటే ప్రతి వాల్వు సెకనుకి 50 సార్లు తెరిచి మూసుకోవాలి. టీడీసీ దగ్గర పిస్టన్ మీద పడే త్వరణం భూమ్యాకర్షణకి సుమారు 2300 రెట్లు. పిస్టను, పిన్ను కలిపి ముప్పావు కిలో అనుకుంటే, 1700 కిలోల బరువు వేలాడదీసినట్టు రాడ్డుని పైకి లాగుతుంది. కంప్రెషన్ స్ట్రోకులో అయితే పైనుంచి గ్యాస్ ఒత్తిడి కొంత అడ్డుకుంటుంది. ఎగ్జాస్ట్ చివర ఆ అడ్డు కూడా ఉండదు. రాడ్డు సాగుతుంది, బేరింగుల్లో ఉన్న వదులంతా ఒక వైపుకి పోతుంది, పిస్టన్ మీరు కొలిచిన దానికన్నా పైకి వస్తుంది.

పైగా స్ప్రింగు చాలకపోతే వాల్వు క్యాముని వదిలి తేలుతుంది. ఎగ్జాస్ట్ వైపు ఇది మరీ ప్రమాదం. పిస్టన్ తరుముకొస్తున్న వేళ పైకి వెళ్లిపోవాల్సిన వాల్వు ఆలస్యం చేస్తే ఇంకేముంది? క్యామ్ మీద కూర్చునే లిఫ్టర్లు హైడ్రాలిక్‌వైతే, అంటే ఆయిల్ ఒత్తిడితో పనిచేసేవైతే, వాల్వు తేలినప్పుడు దొరికిన ఆ వదులుని నింపేసి పైకి పొంగుతాయి, దాంతో వాల్వు పూర్తిగా మూసుకోదు. టైమింగ్ చైను అరిగి సాగితే క్యామ్ వెనకబడుతుంది, అదీ ఎగ్జాస్ట్ సందునే తింటుంది. వేడికి ఎక్కువ సాగేదీ ఎగ్జాస్ట్ వాల్వే. అన్నీ ఒక వైపే కుట్ర చేస్తున్నట్టు ఉంటాయి. అందుకే దానికి 20 థౌ ఎక్కువ వదులుతారు. గేరు తప్పించి ఒక్కసారి ఆర్‌పీఎం ఎర్రగీత దాటించారా, ఈ రెండు మిల్లీమీటర్లే మీ ఇంజన్ని కాపాడాలి.

సరే, కొలవడం ఎలా? రెండు పద్ధతులు. మొదటిది క్లే. పిల్లలు బొమ్మలు చేసుకునే మోడలింగ్ క్లే చాలు. చపాతీ పిండంత మెత్తగా నలిపి, ఆరేడు మిల్లీమీటర్ల మందం పట్టీ చేసి పిస్టన్ మీద వాల్వు పాకెట్లలో అతికించండి. పిస్టన్ పైభాగం ముందు థిన్నర్‌తో తుడవండి, అక్కడ గట్టిగా అంటుకోవాలి. వాల్వు ముఖాలకి మాత్రం కాస్త ఆయిల్ రాయండి, లేదంటే క్లే వాల్వుకే అంటుకుని పైకి వచ్చేస్తుంది, మళ్లీ మొదటికొస్తారు. గ్యాస్కెట్టు మీరు చివరికి వాడబోయే మందందే ఉండాలి. ఒకసారి బిగించి నలిగినది ఉంటే ఇంకా మంచిది. హెడ్డు పెట్టి పూర్తి టార్కుకి, ఈ ఇంజన్లో 65 పౌండ్-ఫీట్, బిగించండి. ‘టెస్టుకే కదా’ అని నాలుగు బోల్టులు వేసి వదిలేస్తే గ్యాస్కెట్టు పూర్తిగా నలగదు. సందు ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది.

లిఫ్టర్ల సంగతి ఇక్కడే చాలామంది మర్చిపోతారు. మామూలు హైడ్రాలిక్ లిఫ్టరు పెట్టి తిప్పితే, స్ప్రింగు ఒత్తిడికి దానిలోపలి ప్లంజరు కిందికి నొక్కుకుపోతుంది. వాల్వు అసలు తెరుచుకోవాల్సినంత తెరుచుకోదు. క్లే మందంగా మిగులుతుంది, మీరు సంతోషపడతారు. ఇంజను స్టార్టు చేసి ఆయిల్ ఒత్తిడి వచ్చాక ఆ సంతోషం ఉండదు. అందుకని కొలిచే సిలిండరుకి సాలిడ్ లిఫ్టర్లు పెట్టండి. లేదా హైడ్రాలిక్ లిఫ్టరుని విప్పి లోపల వాషర్లు వేసి కదలకుండా చేసి వాడండి. రాకర్ని వదులు లేకుండా, బిగువు లేకుండా సెట్ చేయండి. మీ క్యామ్ సాలిడ్ లిఫ్టర్లదే అయితే దాని టాపెట్ క్లియరెన్సు ఎంతో అంత పెట్టండి.

స్పార్క్ ప్లగ్గులన్నీ తీసేసి క్రాంకు బోల్టుకి పొడవాటి హ్యాండిల్ తగిలించి, ఇంజన్ తిరిగే వైపే, నెమ్మదిగా రెండు చుట్లు తిప్పండి. క్యాముకి ఒక చుట్టంటే క్రాంకుకి రెండు చుట్లు కదా. మధ్యలో ఎక్కడైనా గట్టిగా అడ్డం తగిలితే బలం పెట్టకండి. ఆ అడ్డే మీకు కావాల్సిన సమాధానం. తర్వాత హెడ్డు తీసి, తడిపిన బ్లేడుతో క్లేని వాల్వు గుర్తు మీదుగా అడ్డంగా కోసి, అన్నిటికంటే పల్చగా ఉన్న చోట వెర్నియర్‌తో కొలవండి. వాల్వు అంచు చుట్టూ గోడ ఎంత దూరంలో ఉందో కూడా క్లేలోనే కనిపిస్తుంది. క్లే వల్ల లాభమంతా అక్కడే. డయల్ గేజి ఆ పక్క సందుని చూపించదు.

రెండో పద్ధతి డయల్ గేజి. నాకు ఇదే ఇష్టం, ఎందుకంటే అంకె నేరుగా చేతికొస్తుంది. హెడ్డు ఒక్కసారి బిగిస్తే చాలు, క్యామ్ ముందుకీ వెనక్కీ జరిపి ఎన్నిసార్లయినా చూసుకోవచ్చు. ఈ చెవీ హెడ్డుకి ఒక్కోదానికి 17 బోల్టులు, అన్నీ మళ్లీ మళ్లీ విప్పేంత ఓపిక నాకు లేదు. అసలు స్ప్రింగులు తీసేసి, చేత్తో నొక్కితే దిగేంత పల్చటి చెకింగ్ స్ప్రింగులు పెడతాం. క్రాంకు ముందు ఈ పళ్లెం చూశారా, ఇది డిగ్రీ వీలు. దీన్ని పెట్టేముందు అసలు టీడీసీ ఎక్కడో తేల్చుకోవాలి. పుల్లీ మీద ఉన్న గీతని నమ్మకండి. ప్లగ్గు రంధ్రంలో పిస్టన్ స్టాప్ బిగించి, క్రాంకుని ఒక వైపు తగిలేదాకా తిప్పి గుర్తు పెట్టండి, రెండో వైపూ తిప్పి గుర్తు పెట్టండి. ఆ రెంటికీ నట్టనడుమ ఉన్నదే టీడీసీ. స్టాప్ తీసేయడం మర్చిపోకండి.

ఇప్పుడు చూపిస్తాను, కొంచెం దగ్గరికి రండి. టీడీసీ దాటి 10 డిగ్రీల దగ్గర ఆపాను. డయల్ గేజి ముల్లు ఇన్‌టేక్ రిటైనర్ (వాల్వు కాడ పైన స్ప్రింగుని పట్టే మూత) మీద పెట్టి సున్నా చేశాను. రాకరు కొసని నొక్కుతున్నాను... వాల్వు దిగుతోంది... టక్. విన్నారా? పిస్టన్‌కి తగిలింది. ముల్లు 92 మీద ఉంది. అంటే ఈ డిగ్రీ దగ్గర 92 థౌ సందు ఉంది. ఇలాగే టీడీసీ నుంచి 20 దాకా ఐదేసి డిగ్రీలు తిప్పుతూ రాసుకుంటాం. పొద్దున రాసుకున్న కాగితం ఇదిగో. టీడీసీ దగ్గర 110, ఐదు దగ్గర 98, పది దగ్గర 92, పదిహేను దగ్గర 95, ఇరవై దగ్గర 108. అన్నిటికంటే తక్కువ 92. కనీసం 80 ఉండాలి కాబట్టి ఇన్‌టేక్ వైపు గట్టెక్కాం. ఎగ్జాస్ట్‌కి టీడీసీ ముందు వైపు ఇదే పని. అక్కడ అన్నిటికంటే తక్కువ 121 వచ్చింది.

గ్యాస్కెట్టు లేకుండా కొలిచేవాళ్లూ ఉన్నారు. పర్వాలేదు, అప్పుడు వచ్చిన అంకెకి నలిగిన గ్యాస్కెట్టు మందంలో 92 శాతం కలపాలి, వాల్వు వాలు వల్ల. ఒక్క సిలిండరు చూసి ఊరుకోకండి. ఒక్కో వైపు కనీసం ఒకటి, వీలైతే చివరివి రెండూ చూడండి. బ్లాకు డెక్ ఒక కొస నుంచి ఇంకో కొసకి తేడాగా ఉండటం మామూలే.

ఇలా చూస్తున్నప్పుడే రిటైనరు కింద వాల్వు సీలుకి తగులుతోందా, స్ప్రింగు చుట్లు పూర్తిగా మూసుకుపోతున్నాయా అన్నది కూడా చూసేయండి. అవి రెండూ వేరే కొలతలు, పూర్తి లిఫ్ట్ దగ్గర చూడాలి. వాటి గురించి ఇంకోసారి మాట్లాడుకుందాం.

సందు చాలకపోతే ఏం చేయాలి? అన్నిటికంటే చవకైన మందు క్యాముని జరపడం. వెనక్కి పెడితే ఇన్‌టేక్‌కి సందు పెరుగుతుంది, ఎగ్జాస్ట్‌కి తగ్గుతుంది. ముందుకి పెడితే తలకిందులు. మీ దగ్గర ఇన్‌టేక్ ఇరుగ్గా, ఎగ్జాస్ట్ ధారాళంగా ఉంటే చైన్ గేరు మీద నాలుగు డిగ్రీల గాడి వాడి వెనక్కి జరపొచ్చు. అయితే పవర్ వచ్చే ఆర్‌పీఎం కూడా జరుగుతుంది, అది గుర్తుంచుకోండి. చాలా క్యాములకి తయారీలోనే నాలుగు డిగ్రీలు ముందుకి పెట్టి ఇస్తారు, అది కూడా చూసుకోండి. మందం గ్యాస్కెట్టు వేయడం నాకు నచ్చదు. కంప్రెషన్ తగ్గుతుంది, హెడ్డుకీ పిస్టన్‌కీ మధ్య 40 థౌ దగ్గర ఉండాల్సిన క్వెంచ్ పెరిగి నాకింగ్ మొదలవుతుంది. ఒక రోగానికి మందేసి ఇంకోటి తెచ్చుకున్నట్టే.

(ఒకరు: ఇండియాలో మా అన్నయ్య పాత మారుతి ఎస్టీమ్‌కి క్యామ్ మార్చాలంటున్నాడు. దానికీ ఇదే పద్ధతా?)

పద్ధతి ఇదే తమ్ముడూ. లిఫ్టరు నుంచి రాకర్ని తోసే పుష్‌రాడ్లు ఉండవు, క్యామ్ హెడ్డులోనే ఉంటుంది, అంతే తేడా. బెల్టు ఒక పన్ను అటూ ఇటూ అయినా సందు మారిపోతుంది కాబట్టి మార్కులు కలిశాయని రెండుసార్లు చూడమను. సిలిండరుకి నాలుగు వాల్వుల ట్విన్ క్యామ్ ఇంజను అయితే ఇంకో కొలత కూడా కావాలి. వాల్వులు రెండు వైపుల నుంచి లోపలికి వాలి ఉంటాయి కదా, ఓవర్‌ల్యాప్ దగ్గర ఇన్‌టేకూ ఎగ్జాస్టూ ఒకదానికొకటి తగలొచ్చు. చెవీలో అవి పక్కపక్కన సమాంతరంగా ఉంటాయి, ఆ బాధ లేదు.

(ఇంకొకరు: వీవీటీ (నడుస్తుండగానే వాల్వు టైమింగ్ మార్చే ఏర్పాటు) ఉన్న ఇంజన్లలో క్యామ్ తిరుగుతూనే ఉంటుంది కదా, ఏ స్థానంలో కొలవాలి?)

మంచి ప్రశ్న. క్యాముని జరిపే భాగం ఫేజరు. అది ఇన్‌టేక్ క్యాముని ఎంత ముందుకి తీసుకెళ్లగలదో ఆ చివరి స్థానంలో ఇన్‌టేక్ కొలవాలి, ఎగ్జాస్ట్ క్యామ్ ఎంత వెనక్కి పోగలదో అక్కడ ఎగ్జాస్ట్ కొలవాలి. చెవీ లాగా క్యామ్ ఒకటే అయితే రెండు కొలతలూ దాని మీదే. కంప్యూటరు అంత దూరం జరపదులే అని నమ్ముకోకూడదు, ఆయిల్ ఒత్తిడి పోయినా, సెన్సరు చెడినా ఎక్కడికైనా పోతుంది. జనరల్ మోటార్స్ కొత్త వీ8లకి పెద్ద క్యామ్ వేసేవాళ్లు ఫేజరు లోపల లిమిటర్ దిమ్మె పెట్టి ఆ తిరుగుడు తగ్గించేది ఇందుకే.

(ముందు వరసలో ఒకరు: పిస్టన్ పాకెట్లే లోతు చేయించేస్తే సరిపోదా?)

సరిపోతుంది, చాలామంది అదే చేస్తారు. పాత వాల్వు తలకి కట్టర్ పెట్టిన పనిముట్టు దొరుకుతుంది, దాన్ని గైడులోంచి దించి అక్కడికక్కడే కోయొచ్చు. మంచి మెషిన్ షాపుకి ఇస్తే ఇంకా శుభ్రంగా చేస్తారు. కోసేముందు ఒకటే చూడండి, పాకెట్టు కింద పిస్టన్ ఎంత మందం ఉంది? 200 థౌ, అంటే 5 మిల్లీమీటర్ల కంటే తక్కువ మిగిలేట్టుంటే ఆ పిస్టన్ జోలికి పోకండి, పాకెట్ అంచు పై రింగు గాడికి ఎంత దగ్గరగా వస్తోందో కూడా చూడండి. కోశాక బరువులు మళ్లీ సమానం చేయించాలి, కంప్రెషన్ మళ్లీ లెక్క కట్టాలి. ఇంత ఖర్చు పెట్టేదానికి, కాస్త చిన్న క్యామ్ తెచ్చుకుంటే పోలా అని ఒక్కోసారి అనిపిస్తుంది. రోడ్డు మీద తిరిగే బండికైతే నేను అదే చెబుతాను.